గుండుకీ గట్టుకీ మధ్య ఖాళీ

రైఫిల్ తూటాలో గుండు ఎంత లోతున కూర్చోవాలి? సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ గొడవెందుకు అంటారా? రెండు కారణాలున్నాయి. ఒకటి, ఈ ప్రశ్నకి చరిత్రలో దొరికిన రెండు పెద్ద జవాబుల్లో ఒకటి మన పటాన్‌చెరు, సంగారెడ్డి పక్కనే, ఎద్దుమైలారంలో, బండెక్కి తిరుగుతోంది. రెండోది, ఈ లోతు చుట్టూ నూట యాభయ్యేళ్ళుగా నడుస్తున్న వాదన అచ్చం మన ఆఫీసుల్లో నడిచే వాదనే. అందరికీ పనికొచ్చే ప్రోడక్టు చెయ్యాలా, ఒక్క కస్టమరుకి ఒంటికి అతికినట్టు కుట్టివ్వాలా? పోనీ కుట్టిచ్చాం, బావుంది అంటున్నాం, నిజంగా బావుందని ఎలా తెలుసు?

ముందే చెప్తున్నా, ఇది తూటాలు తయారుచెయ్యడం నేర్పే టపా కాదు. మన దేశంలో లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే నేరం. ఆ సంగతి కింద వస్తుంది. ప్రస్తుతానికి కాస్త చరిత్ర, కాస్త లెక్క.

అసలేమిటీ లోతు

తూటా అంటే నాలుగు వస్తువులు. ఇత్తడి ఖోలు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. బయటికెళ్ళి తగిలేది గుండు ఒక్కటే. రైఫిల్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. గాడికీ గాడికీ మధ్య ఎత్తుగా మిగిలినవి గట్లు, మన పొలం గట్ల లాంటివే. గట్ల మధ్య ఉన్న దూరం కంటే గుండు కాస్త లావు. అంచేత గుండు ముందుకు కదలగానే గట్లు దాని ఒంట్లోకి దిగి పట్టుకుని గిర్రున తిప్పుతాయి. బొంగరం తిరిగినంతసేపూ పడిపోనట్టే, ఆ తిరుగుడు వల్లే గుండు ముక్కు ముందుకి పెట్టుకుని ఎగురుతుంది.

మామూలు ఫ్యాక్టరీ తూటాని ఛాంబర్లో పెట్టినప్పుడు గుండు ఇంకా గట్లని తాకదు. మధ్యలో కాస్త ఖాళీ ఉంటుంది. రైఫిల్ వాళ్ళు దాన్ని జంప్ అంటారు. గుండుని ఖోల్లోకి లోతుగా దించితే ఈ ఖాళీ పెరుగుతుంది. పైకి ఉంచితే తగ్గుతుంది. ఇంకా పైకి ఉంచితే గట్లకి ఆనుకుంటుంది. ఇక్కడ కొలతలన్నీ అంగుళంలో వెయ్యో వంతుల్లో. పాత లేత్‌ల మీద పనిచేసిన వాళ్ళు 'థౌ' అంటారు చూడండి, అదే. పది థౌలు కలిస్తే పావు మిల్లీమీటరు.

ఇంత చిన్న ఖాళీతో ఏమొచ్చింది? రెండొచ్చాయి. మొదటిది తిన్నదనం. ఖోలు వదిలి గట్లని అందుకునే లోపల గుండు ఏ కాస్త ఒరిగినా, గట్లు ఆ ఒరుగుతోనే దాన్ని పట్టేసుకుంటాయి. రెండోది ప్రెషరు. గట్లకి ఆనుకున్న గుండు కదలడానికి మొరాయిస్తుంది, దాంతో ఆ మొదటి క్షణంలో ప్రెషరు ఎక్కువ లేస్తుంది. పోనీ కదా అని మరీ లోతుగా దించితే ఖోల్లో మందుకి చోటు తగ్గి, అలాగా ప్రెషరు పెరగొచ్చు. అంచేత దీన్ని ఇష్టమొచ్చినట్టు జరపడానికి లేదు.

గన్‌ఫౌండ్రీ రోజులు

హైదరాబాదులో ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ ఉంది కదా. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో పెట్టించిన ఫిరంగుల కార్ఖానా వల్ల ఆ చోటుకి ఆ పేరు. ఉర్దూలో 'తోప్ కా సాంచా'. మన జనం నోట్లో పడి రేమండ్ కాస్తా మూసా రాముడయ్యాడు, మూసారాంబాగ్ ఆయన పేరే. 1798లో ఆయన పోయాడు. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లీషు వాళ్ళు ఆయన దళం చేత ఆయుధాలు కింద పెట్టించేశారు.

ఆ కాలపు సిపాయి తుపాకుల్లో గాడులూ లేవు, గట్లూ లేవు. నున్నటి గొట్టం. మూతి నుంచి మందు పోసి, గుండ్రటి సీసపు గుండు వేసి, ఇనప ఊచతో కూరాలి. ఇంగ్లీషు కంపెనీ సిపాయిల బ్రౌన్ బెస్ తుపాకి గొట్టం 0.75 అంగుళాలుంటే, గుండు సుమారు 0.69. అంటే వ్యాసంలో ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడా. మన లెక్కలో అరవై థౌలు! గుండు గొట్టంలో అటూ ఇటూ కొట్టుకుంటూ బయటపడేది. చివరి దెబ్బ ఏ గోడకి తగిలితే దాని ఎదటి వైపుకి పోయేది.

ఇది తెలివితక్కువ పని కాదు, తెలిసే చేశారు. నల్లమందు బోలెడు మసి పెడుతుంది. నాలుగు సార్లు కాల్చేసరికి గొట్టం ఇరుకవుతుంది. గుండు బిగుతుగా ఉంటే లోపలికి దిగదు. ఎదురుగా శత్రువు పరిగెత్తుకొస్తుంటే గుండు దిగకపోవడం కంటే గురి కాస్త తప్పడమే నయం. గురిని ఇచ్చి వేగాన్ని కొనుక్కున్నారు.

మరి అప్పట్లో లోతు నిర్ణయించేది ఎవరు? సిపాయి చెయ్యి. నియమం ఒక్కటే, గుండు పోయి మందు మీద కూర్చోవాలి. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే గొట్టమే పగలొచ్చు. ఆ తరహా తుపాకులు సరదాకి కాల్చేవాళ్ళు ఇప్పటికీ ఊచ మీద ఒక గీత పెట్టుకుంటారు. గీత మూతి దగ్గరికొచ్చి ఆగితే గుండు అడుగుకి చేరినట్టు. ఇవాళ మైక్రోమీటర్లు పెట్టి కొలిచే లోతుకి ముత్తాత ఆ గీతే.

తర్వాత గాడులున్న రైఫిళ్ళు సిపాయిల చేతికొచ్చాయి, దాంతో చిక్కూ వచ్చింది. గాడుల్ని పట్టుకోవాలంటే గుండు బిగుతుగా ఉండాలి, మూతి నుంచి దిగాలంటే వదులుగా ఉండాలి. రెండూ ఒకేసారి ఎలా? 1849లో ఫ్రెంచి కెప్టెన్ మినియే పేరు మీద వచ్చిన గుండు ఈ ముడి విప్పింది. దాని అడుగున బోలు ఉంటుంది. వేసేప్పుడు వదులు. మందు పేలగానే ఆ బోలు విచ్చుకుని గాడుల్లో బిగుసుకుంటుంది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌దీ ఇదే దారి, వదులు గుండు పేలాక ఉబ్బి గాడుల్ని పడుతుంది. మసి పట్టిన గొట్టంలో జారడానికి దాని కాయితపు తూటాకి కొవ్వు పూశారు. ఆ కొవ్వు ఏ జంతువుదన్న అనుమానం 1857లో ఎంత పని చేసిందో మనం స్కూల్లో చదువుకున్నాం. ఆ ఏడు జూలై 17న తుర్రేబాజ్ ఖాన్ కోఠీలో రెసిడెన్సీ మీదకి వెళ్ళాడు. తిరుగుబాటుకి కారణాలు చాలా ఉన్నాయి, కొవ్వు ఒక్కటే అనను. కానీ ఆ కొవ్వు అక్కడ ఉండడానికి కారణం మాత్రం గుండుకీ గొట్టానికీ మధ్య ఖాళీ అనే ఇంజనీరింగ్ సమస్యే.

లోతు డ్రాయింగ్ మీదకి ఎక్కింది

1866లో ఇంగ్లండు సైన్యం స్నైడర్ రైఫిలుకి బాక్సర్ అనే ఇత్తడి ఖోలు తూటా తెచ్చింది. 1869లో పూనా దగ్గర ఖడ్కీలో తూటాల ఫ్యాక్టరీ మొదలైంది. మందు, గుండు, ప్రైమరు అన్నీ ఒకే ప్యాకేజీలో, వెనకనుంచి పెట్టి కాల్చడమే. సిపాయికి ఊచ బాధ తప్పింది. దాంతో పాటే లోతు నిర్ణయించే పనీ అతని చేతిలోంచి పోయింది. అప్పట్నించీ అది ఫ్యాక్టరీ డ్రాయింగులో ఒక కొలత.

ఇక్కడ మనవాళ్ళకి బాగా తెలిసిన సమస్య వస్తుంది: ఇంటర్‌ఫేస్. తూటా ఒక ఫ్యాక్టరీలో, రైఫిలు ఇంకో ఫ్యాక్టరీలో. రెండింటికీ టాలరెన్సులుంటాయి. ఒక ఛాంబరు కాస్త పొడుగు, ఇంకోటి కాస్త పొట్టి. అన్నిటికంటే పొట్టి ఛాంబర్లో అన్నిటికంటే పొడుగు తూటా కూడా అడ్డంపడకుండా దూరాలి. దూరదా, యుద్ధం మధ్యలో బోల్టు మూసుకోదు. అంచేత డ్రాయింగులోనే గుండుకీ గట్టుకీ మధ్య ఖాళీ ధారాళంగా పెడతారు. ఏ ఒక్క రైఫిలుకీ అది అతికినట్టుండదు, ఏ రైఫిల్లోనూ ఇరుక్కోదు. పటాన్‌చెరు ఐడీఏలో ఏ మెషిన్ షాపుకెళ్ళి అడిగినా గో, నో-గో గేజుల గురించి చెప్తారు. ఒక వైపు దూరాలి, రెండో వైపు దూరకూడదు, అంతే. "ఎంత బావుంది?" అని గేజు అడగదు. "పాసా, ఫెయిలా?" అనే అడుగుతుంది.

మెదక్ గన్

ఈ ఆలోచన చివరంటా వెళ్తే ఎలా ఉంటుందో చూడాలంటే ఎద్దుమైలారం వెళ్ళాలి. సంగారెడ్డికీ శంకర్‌పల్లికీ మధ్య ఉంటుంది. ఇందిరాగాంధీ 1980లో మెదక్ నుంచి లోక్‌సభకి గెలిచారు. ఆవిడ ఎంపీగా ఉండగానే, 1984లో ఇక్కడ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ మొదలైంది. రష్యా వాళ్ళ బీఎంపీ-2 యుద్ధ శకటం 'సారథ్' పేరుతో ఇక్కడ తయారవుతుంది. మొదటి బళ్ళు 1987లో వచ్చాయి. 2016లో జిల్లాలు విడిపోయాక ఊరు సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది, ఫ్యాక్టరీ పేరులో మాత్రం మెదక్ అలాగే ఉండిపోయింది. 2021 అక్టోబరులో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డుని ఏడు కంపెనీలుగా విడగొట్టినప్పుడు ఇది ఆవడి కేంద్రంగా ఉన్న ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందకి చేరింది. (అన్నట్టు ఐఐటీ హైదరాబాదు 2008లో పుట్టింది ఈ ఫ్యాక్టరీ ఆవరణలోనే. 2015లో కంది వెళ్ళిపోయింది. మన చదువరుల్లో ఎద్దుమైలారం నీళ్ళు తాగినవాళ్ళు ఉండే ఉంటారు.)

సారథ్ బండి మీద 30 మిల్లీమీటర్ల ఆటోమేటిక్ ఫిరంగి ఉంటుంది. అది తయారయ్యేది తమిళనాడు తిరుచ్చి ఫ్యాక్టరీలో, కానీ వాడుకలో దానికి 'మెదక్ గన్' అనే పేరు నిలిచిపోయింది. నౌకాదళం వాడే సీఆర్ఎన్-91 అనే ఫిరంగికీ ఇదే మూలం. దాని తూటా ఖోలు పొడుగే 165 మిల్లీమీటర్లు. వేగంగా కాల్చే పద్ధతిలో పెడితే నిమిషానికి 550కి తక్కువ కాదు, అంటే సెకనుకి తొమ్మిది. రెండు బెల్టుల్లో రెండు రకాల తూటాలు సిద్ధంగా ఉంటాయి. ఏది కావాలంటే అది.

సెకనుకి తొమ్మిది సార్లు తూటాని బెల్టులోంచి లాగి, ఛాంబర్లోకి గుద్ది, కాల్చి, ఖోలు అవతల పారేసే యంత్రమిది. దీని దగ్గరికెళ్ళి "గుండు గట్టుకి పది థౌల దూరంలో ఉందా, ఇరవయ్యా?" అని అడిగితే నవ్వుతుంది. దాని ప్రశ్న వేరు: ఇంత కుదుపులో గుండు ఖోల్లో కదలకుండా ఉంటుందా? గుద్దుడికి ముందుకి జారినా చిక్కే, లోపలికి కుంగినా చిక్కే. అంచేత ఖోలు మూతిని గుండు చుట్టూ గట్టిగా నొక్కేస్తారు, దాన్ని క్రింపింగ్ అంటారు. ఆ నొక్కు సరిపోయిందో లేదో చూడ్డానికి గుండుని పట్టి లాగి, ఎంత బలానికి ఊడుతుందో కొలిచే పరీక్ష ఉంటుంది. చిన్న రైఫిల్లోలాగా ఇక్కడ గట్లు గుండు ఒంటిని కొయ్యవు కూడా. గుండు నడుముకి మెత్తటి పట్టీ ఒకటి ఉంటుంది, గట్లు దిగేది దాన్లోకి.

ఇదీ మొదటి జవాబు. లోతు అందరికీ ఒకటే. ఒక్క గొట్టానికి అతకడం కంటే వెయ్యి గొట్టాల్లో ఇరుక్కోకపోవడం ముఖ్యం. కుదురుకోని గురిని వేగమూ, సంఖ్యా సర్దేస్తాయి. బ్రౌన్ బెస్ తర్కమే, కాకపోతే ఈసారి మైక్రాన్లలో కొలిచి మరీ.

ఒక్క రైఫిలుకే

రెండో జవాబు పుట్టింది అమెరికాలో, ఆటలోంచి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మనీ నుంచి వలసొచ్చినవాళ్ళు అక్కడ షూట్జెన్ క్లబ్బులు నడిపేవారు. నించుని, రెండొందల గజాల దూరంలో గురి. హ్యారీ పోప్ అనే ఆయన చేసిన గొట్టాలకి వాళ్ళలో మహా గిరాకీ. ఆయన పద్ధతి చూడండి. ఖోల్లో గుండు ఉండదు, మందు మాత్రమే. గుండుని మూతి నుంచి జాగ్రత్తగా గట్లలోకి తోసి కిందకి దించి, ఆ తర్వాత ఖోలుని వెనకనుంచి పెడతారు. గుండు ముందే గట్ల చేతిలో ఉంది. ఇక జంప్ ఏముంది, సున్నా!

ఇదే కాలంలో మసాచుసెట్స్‌కి చెందిన ఫ్రాంక్లిన్ మాన్ అనే డాక్టరు ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి 1909లో ఒక పుస్తకం వేశాడు. మనిషి చెయ్యి వణుకు లెక్కలోకి రాకుండా గొట్టాన్ని బరువైన పీఠం మీద పడుకోబెట్టి కాల్చేవాడు. కావాలని గుండు అడుగుని వంకర చేసి, ఎటు పోతుందో చూసేవాడు. గురి తప్పడానికి గుండులోని అసమతూకం, మూతి దాటేప్పుడు అడుగుకున్న వంకర ఎంత ముఖ్యమో ఆయన కొలిచి చూపించాడు. నాకు ఈయన నచ్చడానికి కారణం, "నా అనుభవంలో" అనే మాట చోట కొలత పెట్టాడు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో బెంచ్‌రెస్ట్ అనే పోటీలు పెరిగాయి. బల్ల మీద ఇసక సంచులు పెట్టి, వాటిమీద రైఫిలు పెట్టి, గుండ్లన్నీ ఒకే చిల్లులోంచి పోయేట్టు కాల్చడం. అక్కడ తూటాలు ఎవరికి వారే చేసుకుంటారు. లోతు మళ్ళీ కాల్చేవాడి చేతికొచ్చింది, ఊచ బదులు మైక్రోమీటరు తిరగలితో. 1975 ప్రాంతంలో పాల్మిసానో, పిండెల్ ఇద్దరూ కలిసి 6 పీపీసీ అనే తూటా తెచ్చాక ఆ పోటీల్లో అదే రాజు. దాంట్లో చాలామంది గుండుని గట్లకి ఆనించే పెడతారు. "ఖాళీ ఎంత తక్కువైతే అంత గురి" అన్నది వాళ్ళ వేదం.

మరి రాయ్ వెదర్‌బీ? 1945లో కంపెనీ పెట్టి, వేగమైన వేట రైఫిళ్ళు అమ్మాడు. ప్రెషరు తగ్గించడానికి ఆయన గొట్టాల్లో గట్లు మొదలయ్యే చోటుని బాగా ముందుకి జరిపాడు. గుండు అంగుళంలో మూడో వంతు దాకా ఉత్త గాలిలో గెంతాలి. వేదం ప్రకారం అవి ఎటో కొట్టాలి. కానీ బుద్ధిగానే కాల్చేవి.

1980ల్లో గాలిని బాగా చీల్చే పొడుగు ముక్కు గుండ్లు వచ్చాయి, వీఎల్‌డీ అంటారు. మామూలు గుండు ముక్కు వంపు ఒంట్లోకి నున్నగా కలిసిపోతుంది, కాస్త ఒరిగినా గట్లలోకి జారుతూ తిన్నబడుతుంది. వీఎల్‌డీ ముక్కు ఒంటితో ఒక కోణంలో కలుస్తుంది, అక్కడ ఒక మొటిక. అంచేత లోతు దగ్గర వీటికి పేచీ ఎక్కువన్నారు. వీటిని గట్లకి ఆనించే పెట్టాలి అని మొదట్లో గట్టిగా చెప్పుకున్నారు. తర్వాత ఈ గుండ్లు చేసే బెర్గర్ కంపెనీ వాళ్ళే, ఒక్కో థౌ జరుపుతూ కూర్చోకండి, ఒక్కసారే నలభై థౌల మెట్లు వేసుకుంటూ గట్లకి చాలా దూరం దాకా చూడండి, కొన్ని రైఫిళ్ళకి ఆ దూరంలోనే బావుంటుంది అన్నారు.

చూశారా? ఆనించాలన్నవాడికి పతకాలొచ్చాయి. గెంతించినవాడి సరుకు అమ్ముడుపోయింది. ఒక్కో తరం తన అంకెనే నమ్మింది. మరి నిజమేది?

మూడు గుండ్ల సాక్ష్యం

మా కాలేజీ మిత్రుడొకడు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ సొంత తూటాలు చేసుకోవడం చట్టబద్ధమే, గరాజ్‌లో బల్ల వేసుకుని వీకెండ్లలో చేసేవాళ్ళు బోలెడుమంది. వీడూ మొదలెట్టాడు. ఒకరోజు టార్గెట్ కాయితం ఫోటో పంపాడు. పది వేర్వేరు లోతులు, ఒక్కోదానికి మూడేసి గుండ్లు.

"చూడరా, ఏడోది ఎంత దగ్గరగా పడిందో! నా రైఫిలుకి ఇరవై రెండు థౌలు. దొరికేసింది!"

"అదే లోతుతో ఇంకో పదిసార్లు కాల్చావా?"

"ఎందుకూ? కనపడుతోంది కదా. అయినా నువ్వు జీవితంలో తుపాకి పట్టావా?"

"పట్టలేదురా. కానీ ఇది తుపాకి ప్రశ్న కాదు, లెక్క ప్రశ్న."

ఆ లెక్క ఇదీ. గుండ్లు ఒక బిందువు చుట్టూ, అన్ని వైపులా సమానంగా, బెల్ కర్వ్ ప్రకారం చెదురుతాయనుకుందాం. ఆ చెదురుడుని సిగ్మా అందాం. గుంపు వెడల్పు అంటే అన్నిటికంటే దూరంగా పడ్డ రెండు చిల్లుల మధ్య దూరం. మూడు గుండ్ల గుంపుకి అది సగటున 2.4 సిగ్మాలు. అయిదు గుండ్లకి 3.1, పది గుండ్లకి 3.8. రైఫిలు అదే, తూటా అదే. గుండ్లు తగ్గించినకొద్దీ గుంపు దానంతటదే అందంగా కనిపిస్తుంది. మూడు గుండ్ల గుంపులు వాడేవాళ్ళు ఎందుకంత సంతోషంగా ఉంటారో అర్థమైందిగా.

అసలు దెబ్బ ఇంకోటుంది. మూడు గుండ్ల గుంపు సైజు ఒక్కోసారికీ విపరీతంగా ఊగుతుంది. దాని స్టాండర్డ్ డీవియేషన్ సగటులో మూడో వంతు పైనే. ఇప్పుడు పది లోతులు పరీక్షించాం అనుకోండి, లోతు వల్ల ఆవగింజంత తేడా కూడా లేదనుకోండి. అయినా ఆ పది గుంపుల్లో అన్నిటికంటే చిన్నది, సగటులో దాదాపు సగమే ఉంటుంది! ఏమీ మారకుండానే "గురి రెట్టింపైంది". నమ్మకపోతే పది లైన్ల కోడ్ రాసి చూసుకోండి. రెండు రాండమ్ నంబర్లు ఒక గుండు, మూడు గుండ్లు ఒక గుంపు, పది గుంపుల్లో కనిష్టం తీసి, పదివేల సార్లు తిప్పండి.

మావాడికి అదే పంపాను. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఏడో లోతుతో ముప్ఫై గుండ్లు, మూడో లోతుతో ముప్ఫై గుండ్లు కాల్చి పంపాడు. రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. "బావా, నా వంద డాలర్ల గుండ్లు తగలేశావు" అన్నాడు. వాడికి మిగిలిన శనివారాలు ఎన్నో లెక్కేసుకోమన్నాను.

లోతు వల్ల తేడా ఉండదని నేననడం లేదు. గుండు ఎలా ఒరుగుతుందో, ప్రెషరు ఎలా లేస్తుందో పైన చూశాం. భౌతికంగా తేడా ఉంటుంది. కానీ ఆ తేడా చాలాసార్లు మూడు గుండ్ల రొదలో వినపడనంత చిన్నది. వినాలంటే ఎక్కువ కాల్చాలి, గుంపు అంచుల్ని కాకుండా ప్రతి చిల్లునీ లెక్కలోకి తీసుకోవాలి. పైగా ఈ అంకెకి గడువు కూడా ఉంది. వేడి గ్యాసుకి గట్ల మొదలు అరిగిపోతూ ముందుకి జరుగుతుంది. ఇవాళ్టి ఇరవై రెండు థౌలు కొన్ని వందల గుండ్ల తర్వాత ఇరవై రెండు కాదు. కొందరు గట్టు వెనకాలే గుండుని జరుపుకుంటూ పోతారు, మన రిలీజులకి హాట్‌ఫిక్స్‌లు వేసినట్టు.

మన దగ్గర మూడో దారి

ఇక మన దేశం సంగతి. 1959 ఆయుధాల చట్టం అయిదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచెయ్యకూడదు. ఆ చట్టం తూటా అనే మాటకిచ్చిన అర్థంలో తూటా భాగాలూ, వాటిని తయారుచేసే యంత్రాలూ కూడా వచ్చేస్తాయి. చమత్కారం చూడండి. గుండు అంచు నుంచి ఖోలు అడుగు దాకా మైక్రాన్లలో కొలిచిపెట్టగల షాపులు పటాన్‌చెరు, పాశమైలారం రోడ్ల మీద ఎన్నో ఉన్నాయి. ఎద్దుమైలారంలో ఫిరంగి బండి, పక్కనే భానూరులో బీడీఎల్ వాళ్ళ ట్యాంకు విధ్వంసక క్షిపణులు. అయినా ఇదే రోడ్డు మీద ఒక షూటరు తన రైఫిలు కోసం ఒక్క గుండుని ఒక్క థౌ జరుపుకోడానికి వీల్లేదు.

ఇది అన్యాయం అనేవాళ్ళున్నారు. ఈ నిషేధం వల్లే మన షూటర్లు వెనకబడ్డారని వాదిస్తారు. నేనొప్పుకోను. ఒలింపిక్ రైఫిల్ పోటీలు రెండే రకాలు: 10 మీటర్ల ఎయిర్ రైఫిలు, 50 మీటర్ల .22 రైఫిలు. ఎయిర్ రైఫిల్లో ఖోలూ లేదు, మందూ లేదు. .22 తూటా ప్రైమరు దాని అంచులోనే ఉంటుంది, ఒకసారి పేలిందంటే మళ్ళీ నింపేది కాదు. అంచేత జర్మనీ వాడైనా, చైనా వాడైనా ఫ్యాక్టరీ తూటాయే కాల్చాలి. ఆ పోటీ రైఫిళ్ళ ఛాంబర్లలోనే ఒక కిటుకుంటుంది. బోల్టు మూయగానే గుండు తనంతట తనే గట్లలోకి కొద్దిగా దిగుతుంది. హ్యారీ పోప్ చేత్తో చేసిన సున్నా ఖాళీని ఛాంబరే చేసి పెడుతుంది.

మరి వాళ్ళు చేసేదేమిటి? లాట్ టెస్టింగ్. ఒకే కంపెనీ, ఒకే పెట్టె, ఒకే పేరు, కానీ ఒక్కో బ్యాచికి ఒక్కో స్వభావం. ఇంగ్లండులోని ఎలీ, ఫిన్లండ్ బ్రాండు లాపువా లాంటి కంపెనీల టెస్ట్ రేంజిల్లో షూటరు రైఫిల్ని బిగించి, బ్యాచి తర్వాత బ్యాచి కాల్చి, తన గొట్టానికి నప్పిన బ్యాచిని మొత్తంగా కొనుక్కుంటారు. ఎయిర్ రైఫిల్ వాళ్ళూ అంతే. పెలెట్ తల 4.49 మిల్లీమీటర్లా, 4.50 ఆ అని డబ్బాలు మార్చి మార్చి చూస్తారు. ఏదీ తయారుచెయ్యరు, ఏదీ జరపరు. చాలినన్ని కాల్చి, కొలిచి, ఎంచుకుంటారు. 2008లో అభినవ్ బింద్రా బీజింగ్‌లో స్వర్ణం, 2012లో మన హైదరాబాదు గగన్ నారంగ్ లండన్‌లో కాంస్యం, 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో మన ధనుష్ శ్రీకాంత్ స్వర్ణం, అన్నీ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లోవే. లోతు తిప్పే మర ఎవరి చేతిలోనూ లేని ఆట అది.

నా వాదన ఇది. చరిత్రలో లోతు మూడు చేతులు మారింది. మొదట సిపాయి చేతిలో ఉంది, తర్వాత ఫ్యాక్టరీ డ్రాయింగులోకి వెళ్ళింది, ఆ తర్వాత సరదా కొద్దీ కొందరి గరాజుల్లోకి వచ్చింది. ప్రతిచోటా దాని గురించి గట్టిగా నమ్మినవాళ్ళు ఎక్కువ, కొలిచినవాళ్ళు తక్కువ. మెదక్ గన్ వాళ్ళకి ఏది కావాలో స్పష్టంగా తెలుసు: ఇరుక్కోకూడదు. దాన్ని పరీక్షించే పద్ధతి కూడా ఉంది. షూటర్లకీ తెలుసు: ఈ బ్యాచి ఆ బ్యాచి కంటే నయమా? దానికీ పద్ధతుంది. మధ్యలో ఇబ్బందల్లా తిప్పడానికి మర ఉండి, కొలవడానికి ఓపిక లేనివాడిది. పది సెట్టింగులు మార్చి, ఒక్కోదాన్ని మూడుసార్లు రన్ చేసి, అందులో మంచిది స్లయిడ్ మీద పెట్టి "ముప్ఫై శాతం ఇంప్రూవ్‌మెంట్" అనేవాడు తుపాకుల లోకంలోనే ఉంటాడనుకోకండి. మన పక్క క్యూబికల్‌లో ఉంటాడు, వాడికి అప్రైజల్లో మంచి రేటింగ్ కూడా వస్తుంది.

అంచేత చట్టం మార్చాలా వద్దా అన్న గొడవ నాకు రెండోది. నాటు తుపాకుల బెడద ఉన్న దేశంలో మందూ ప్రైమరూ అందరి చేతికీ ఇవ్వకపోవడంలో నాకు తప్పు కనపడదు. ఒకవేళ రేపు లైసెన్సున్న రైఫిల్ క్లబ్బులకి, క్లబ్బు ఆవరణలో, నిఘాలో ఆ అనుమతి ఇస్తామన్నా నేను వద్దనను. కానీ ఆ బల్ల మీద మైక్రోమీటరు పెట్టే ముందు గోడ మీద ఒక కాయితం అంటించాలి: ఒక్కో లోతుకీ ముప్ఫైకి తక్కువ కాల్చి మాట్లాడకూడదు, అని.

పది లైన్ల కోడ్ రాసి చూసినవాళ్ళు కనిష్టానికీ సగటుకీ నిష్పత్తి ఎంతొచ్చిందో చెప్పండి. మూడు గుండ్ల బదులు పది పెడితే అదెలా మారుతుందో కూడా చూడండి. ఆ రెండో అంకె చూశాక మీ టీములో వచ్చే బెంచ్‌మార్క్ రిపోర్టుని మీరు ఇంతకుముందులా చదవలేరు.